మోటారు బండిలో ఫ్రిజ్జు: దానికి వేరు బ్యాటరీ యేల?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండి తార్నాకకు వచ్చు దారిలో నడచువారికి విజ్ఞానశాలలు క్రొత్తవి కావు. విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. అదే యేట కూనూరులో బెరిబెరి వ్యాధిని విచారించుటకై యొక్క గదిలో నారంభమైన పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి యిప్పుడు తార్నాకలో నున్నది. హబ్సిగూడవైపు సాగినచో కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కానవచ్చును. ఇట్టి శాలలకు దూరగ్రామములనుండి నమూనాలు తేవలసివచ్చినను, గ్రామములకు టీకామందులు కొనిపోవలసివచ్చినను చిక్కొక్కటే. వానిలో పెక్కింటిని 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ నుంచవలెను. 2021లో నీ నగరమునుండి వెలువడిన కోవాక్సిన్ టీకాకును ఇదియే కట్టుబాటు. మే మాసమున హైదరాబాదులో నీడపట్టుననే వేడి 40 డిగ్రీలు దాటును. ఎండలో తలుపులు మూసి నిలిపిన బండిలోపల 50కి మించును. ఒక్క మధ్యాహ్నము చల్లదనము తప్పినచో పదిదినముల శ్రమ వ్యర్థమగును. ఇన్సులిను వెంటనుంచుకొని దూరప్రయాణము చేయు గృహస్థునకును ఈ భయమే కలదు.

బండిలో నుంచుకొను చల్లని పెట్టెలు రెండు విధములు. మొదటిది తక్కువ వెలది. 1834లో పెల్టియే యను ఫ్రెంచివాడు కనుగొన్న ధర్మముపై నది పనిచేయును. రెండు వేరు పదార్థముల యతుకుగుండ విద్యుత్తు ప్రవహించినచో నొక ప్రక్క చల్లనై, రెండవ ప్రక్క వేడెక్కును. కాని యిట్టి పెట్టె బయటి వేడికంటె సుమారు 20 డిగ్రీలు మాత్రమే తగ్గింపగలదు. బయట 42 ఉన్న దినమున లోపల 22 ఉండును. మజ్జిగకు చాలునేమో కాని మందులకు చాలదు. పైగా నది విరామములేక కరెంటును త్రాగుచుండును. రెండవది కంప్రెసరుగల ఫ్రిజ్జు. ఇంటి ఫ్రిజ్జువలెనే వాయువును నొక్కి ద్రవముగా మార్చి, మరల నావిరిచేయుచు, లోపలి వేడిని బయటికి తోడివేయును. తగిన చల్లదనము రాగానే ఆగును. ఇకముందు ఫ్రిజ్జన్నచో దీనినే చెప్పుచున్నామని చదువరులు గ్రహింతురు గాక.

బండిలో నదివరకే యొక బ్యాటరీ యుండగా దానికే తగిలించిన నేమి యని పలువురు అడుగుదురు. బండి బ్యాటరీ పరుగుపందెగాని వంటిది. ఇంజనును కదల్చుటకు కొన్ని సెకండ్లపాటు వందలకొలది ఆంపియర్ల నొక్కసారిగా నీయవలెను. అందుకై దానిలో సీసపు పలకలను పలుచగా, పెక్కుగా నమర్తురు. వానిని మెల్లమెల్లగా తుదివరకు పిండుచుండినచో సీసపు సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ త్వరలోనే చెడును. అంతకు ముందే వచ్చు ఆపద వేరొకటి కలదు. రాత్రియంతయు ఫ్రిజ్జు నడచిన పిమ్మట, తెల్లవారి తాళపుచెవి త్రిప్పగా నింజను పలుకదు. తార్నాక కూడలిలోనైనచో నలుగురు వచ్చి సాయపడుదురు. సుమారు 300 కిలోమీటర్ల దూరమున, ఉట్నూరు అడవిదారిలో నెవరు వత్తురు? మందులును పోవును, మనుష్యులును చిక్కుకొందురు. కనుకనే రెండవ బ్యాటరీ. దీని పలకలు దళసరి. కొంచెము కొంచెముగా బహుకాలమీయగలదు.

అది యెంత పెద్దది కావలెనో లెక్క వేయుదము. 40 లీటర్ల ఫ్రిజ్జు నడచునపుడు 12 వోల్టులవద్ద 4 ఆంపియర్లు తీసికొను ననుకొందము. చలికాలమున గంటకు 20 నిమిషములు నడచి యూరకుండును. నడివేసవి పగటివేళ 40 నిమిషములు నడచును. రాత్రి కొంత చల్లబడును గాన, వేసవి సగటు రెండున్నర ఆంపియర్లని పట్టినచో దినమునకు 60 ఆంపియర్ గంటలగును. 100 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీలో సగమునే వాడుట మేలు. అంతకు మించి పిండినకొలది దాని యాయువు తగ్గును. అనగా 50ని రెండున్నరచే భాగింపగా 20 గంటలు వచ్చును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో నూటికి 80 వంతులు వాడుకొనవచ్చును గాన అదే కొలతది 32 గంటలు నిలుచును. బరువు తక్కువ, వెల హెచ్చు. విశ్రాంతిగా నున్న సీసపు బ్యాటరీకి వోల్టుమీటరు పెట్టగా 12.7 చూపినచో నిండుగా నున్నదనియు, 12.2 చూపినచో సగమైనదనియు తెలియవలెను.

రెండు బ్యాటరీలును ఒక్క ఆల్టర్నేటరువలననే నిండవలెను. కాని యింజను ఆగినతోడనే యొకదానినుండి మరియొకటి వేరుపడవలెను. లేనిచో ఫ్రిజ్జు రెంటిని పీల్చును. అందుకై నడుమ రిలే నుంతురు. ఇంజను నడచునపుడు వోల్టేజి 14కు చేరువగును. సుమారు 13.3 దాటగానే రిలే రెంటిని కలుపును, 12.8కి దిగగానే విడదీయును. తార్ అనగా తీగ, నాకా అనగా కాపలాచోటు. నిజాముకాలమున తీగకంచెయు కాపలాద్వారమును ఉండుటచే తార్నాకకు ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. రిలేయు నట్టి తీగనాకాయే. అయితే నేటి పెక్కు బండ్లలో ఇంధనము ఆదా చేయుటకై ఆల్టర్నేటరు తన వోల్టేజిని తానే తగ్గించుకొనును. అట్టి బండిలో రిలే మాటిమాటికి విడిపోయి రెండవ బ్యాటరీ యెన్నటికిని నిండదు. దానికిని, లిథియం బ్యాటరీకిని, వోల్టేజిని సరిచేసి యందించు డీసీ-డీసీ చార్జరునే అమర్చవలెను.

మా యభిప్రాయమున నీ పనిలో నెక్కువమంది యలక్ష్యము చేయునది బ్యాటరీ కాదు, తీగ. రెండవ బ్యాటరీ బానెటు క్రింద నుండి, ఫ్రిజ్జు వెనుకభాగమున నున్నదనుకొందము. పోవుటకు 5 మీటర్లు, తిరిగివచ్చుటకు 5. మొత్తము 10 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగితీగలో నీ దూరమునకు నిరోధము 0.17 ఓము. 4 ఆంపియర్లు ప్రవహించినచో దాదాపు 0.7 వోల్టు దారిలోనే వేడియై పోవును. సిగరెట్టు లైటరు సాకెట్టు వదులుగా నున్నచో మరికొంత పోవును. బ్యాటరీయొద్ద 12.2 ఉన్నను ఫ్రిజ్జును చేరునది 11.5 మాత్రమే. ఫ్రిజ్జులోని రక్షణ యేర్పాటు బ్యాటరీ యయిపోయినదని భ్రమించి యంత్రము నాపివేయును. యజమాని బ్యాటరీని నిందించి క్రొత్తది కొనును. మరల నదే వ్యాధి! 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము 0.17 వోల్టు మాత్రమే. బ్యాటరీనే వెనుక నుంచినచో ఫ్రిజ్జు తీగ పొట్టిదగును. కాని దానిని నింపు తీగలో 30 ఆంపియర్లు ప్రవహింపవచ్చును గాన, దానికి 16 చదరపు మిల్లీమీటర్లైన నుండవలెను. ఆ తీగకు రెండు కొనలయందును బ్యాటరీ యుండుటచే, ఒక చోట ఫ్యూజు పెట్టినచో చాలదు. ప్రతి బ్యాటరీ ప్లస్సు కొనకు జానెడులోపల నొక్కొక్కటి కావలెను. ఒరసికొని తొడుగు చినిగిన తీగ యినుమును తాకినచో ఫ్యూజులేని బండి మంటలపాలగును.

ప్రయాణదూరమును గూడ లెక్కింపవలెను. తార్నాకనుండి 1939లో ప్రారంభమైన గులాబిరాతి ఆర్ట్సు కళాశాలకు పోవుటకు పది నిమిషములు చాలును. ఆ పది నిమిషములలో 20 ఆంపియర్ల చొప్పున నింపినను చేరునది 3 ఆంపియర్ గంటలకు కొంచెము పైన. దినమున కారుసారులు తిరిగినను 20కి చేరును, ఖర్చేమో 60. ప్రాంగణములో మాత్రమే తిరుగు బండి రెండవ బ్యాటరీని రాత్రివేళ గోడ కరెంటుతో చార్జరుపై నింపితీరవలెను. ఉట్నూరువరకు పోవు బండికి, దారియంతయు ఇంజను నడచుచుండుటచే, ఈ యవసరము లేదు.

ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ యూరక యున్నదిగదా యని దానిని బండిలోనికెత్తువారు కలరు. అది తగదు. బరువు 50 కిలోలు మించును, కుదుపులకు ఆమ్లము చిందును, నిండునపుడు వెలువడు హైడ్రోజను మూసిన బండిలో నిప్పురవ్వకై వేచియుండును. మూతవేసిన ఏజీఎం బ్యాటరీ కొని, పట్టీలతో బిగించుటయే క్షేమము.

ఫ్రిజ్జు పని తగ్గించుటకు చౌకయైన యుపాయమొకటి కలదు. బయలుదేరుటకు ముందునాటి రాత్రియే దానిని గోడ కరెంటుపై చల్లబరచి, చల్లని సరుకునే యందులో పెట్టవలెను. కిలో మంచు కరగునపుడు 93 వాట్ గంటల వేడిని పీల్చుకొనును గాన, మంచుప్యాకులును తోడుంచవచ్చును. కాని ఫ్రీజరునుండి తీసినతోడనే వానిని మందుల ప్రక్క నుంచరాదు. డి.పి.టి., హెపటైటిస్-బి టీకాలును, ఇన్సులినును గడ్డకట్టినచో చెడిపోవును. వేడివలన కలుగు హానికంటె నిది తక్కువది కాదు. ప్యాకును చెవియొద్ద నాడింపగా లోపల నీరు కదలిన చప్పుడు వినబడువరకు బయట నుంచి, పిమ్మటనే పెట్టవలెను. థర్మామీటరును పెట్టె మూతకు గాక, మందుల నడుమ నుంచవలెను.