రంగములో రెండు సంసారములు

మా పాతపట్నము వైపు ముదుసలులు రంగూను పట్టణమును నేటికిని 'రంగ'మనియే పిలుతురు. 'ఆయన రంగము వెళ్ళినాడు' అన్న మాటకు ఒకప్పుడు రెండర్థములుండెను. ఇంటికి డబ్బు రావచ్చుననుట యొకటి, మనిషి యెన్నడు వచ్చునో తెలియదనుట రెండవది. అలంకారశాస్త్రమున ప్రోషితభర్తృక యను నాయిక కలదు గదా! ఆమెకు విరహతాపమే గాని, కోమటి బాకీ కూడ నున్నట్లు ఏ కవియు వ్రాసినట్లు మేమెఱుగము.

మహేంద్రతనయ యొడ్డున కూలినాలి చేసికొనువారు, 1900లో నడువనారంభించిన నౌపడా పర్లాకిమిడి చిన్నరైలు నెక్కి, పిదప రేవుపట్టణము చేరి, పొగయోడలో సముద్రము దాటిరి. గోపాలపురము మొదలు కాకినాడ వఱకు గల రేవులనుండి యిట్లే జనము తరలిరి. కోరంగి రేవు పేరే తెలుగువారికి పెట్టి బర్మావారు 'కొరంగీ'లని పిలిచిరి. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలలో రంగూను జనము నాలుగు లక్షలు; అందు సగమునకు మించి భారతీయులే. ఓడలకు బియ్యపు మూటలు మోసినవారిలోను, రిక్షాలు లాగినవారిలోను, మిల్లు కూలీలలోను మనవారు మెండు. మేస్త్రి ముందుగా బయానా యిచ్చి తీసికొనిపోయి, కూలి డబ్బులో తన వంతు పట్టుకొని, మిగిలినది చేతిలో పెట్టెడివాడు. ఇరుకు గదులలో పురుషులు గుంపులుగా పండుకొనెడివారు. మన యాడువారు మాత్రము బహుస్వల్పము.

మా వారు బడిలో బర్మా పటము చూపి, 'బియ్యము, టేకు' అని రెండు మాటలతో ముగింతురట. అచ్చటి స్త్రీల సంగతి చెప్పనిదే ఆ పాఠము పూర్తి కాదని మేము వాదించితిమి. మా వీథిలో నొక మామ్మగారు కలరు. ఆమె రంగూనులోనే పుట్టి, పదునాఱేండ్ల వఱకు తల్లితో కూడి వీథిలో ఇడ్లెలమ్మినవారు. మేము విన్నదెల్ల వారి నోటనే.

బజారున అంగళ్ళలో కూర్చుండువారు ఎక్కువగా స్త్రీలేనట. చేపలు, పూలు, పట్టుగుడ్డలు, చుట్టలు, అన్నింటి బేరము వారిదే. ఎంగిలి యనియు మైల యనియు పట్టింపు లేదు. వీథి ప్రక్కన నీడలో మంచినీళ్ళ కుండలు పెట్టి బాటసారుల దాహము తీర్తురు. తెల్లవాఱుచుండగనే భిక్షువులు పాత్రలతో వరుసగా వత్తురు. అన్నము పెట్టిన పిదపనే యింటిపని. ఒక చెట్టు బెరడును సానపై నీటితో నూరి చెక్కిళ్ళకు పూసికొందురు. దాని పేరు తనకా. పొలము తనఖా పెట్టి ఓడ యెక్కిన వానికి, దిగిన వెంటనే ప్రతి యాడుదాని బుగ్గమీదను తనకాయే కనబడుట యెంత విధివిలాసము! చేపలను ముగ్గబెట్టి చేయు 'ఙపి' వాసన మాత్రము మామ్మగారి తల్లి పోవునంతవఱకు సహింపలేదట.

మామ్మగారు చెప్పిన వానిలో మమ్ము మిక్కిలి యాలోచింపజేసినవి రెండు. బర్మావారికి ఇంటిపేరు లేదు. పెండ్లి యైనను స్త్రీ తన పేరు మార్చుకొనదు. భార్యాభర్తలు కూడి గడించినదానిలో ఆమెకు హక్కున్నది. తండ్రి యాస్తిలో కూతునకును భాగమున్నది. మన వైపు కొడుకులున్న వితంతువునకు భర్త యాస్తిలో కొంత యనుభవము 1937 చట్టముతో గాని రాలేదు. కూతుండ్రకు ఉమ్మడి యాస్తిలో జన్మహక్కు ఆంధ్రప్రదేశమున 1985లోను, దేశమంతట 2005లోను వచ్చినది.

ఇక చెప్ప మనసొప్పని సంగతి. ఇచ్చట భార్య యుండగనే అచ్చట బర్మా స్త్రీతో కాపురము పెట్టిన మనవారు పలువురు. ఆ స్త్రీ తన దేశాచారము చొప్పున తాను ధర్మపత్నినే యనుకొనును. పురుషుడు హిందువగుటచే, ఆ పెండ్లి మన ధర్మశాస్త్రము ప్రకారము న్యాయస్థానములలో చెల్లుట కష్టము. అతడు పోయినచో ఆస్తి సముద్రమునకు ఇవతలివారిది. ఇన్నాళ్ళు వండిపెట్టినది వీథిపాలు. ఇందుకై బర్మా ప్రభుత్వము 1939లో బౌద్ధస్త్రీల వివాహ వారసత్వములకు ప్రత్యేక చట్టము చేసినది. మన వైపున మద్రాసు రాష్ట్రము 1949లో గాని హిందువులకు ద్వితీయ వివాహమును నిషేధింపలేదు. ఆ బర్మా స్త్రీని తిట్టుట మా పల్లెలలో వాడుక. ఆమెకు ఇచ్చటి భార్య సంగతి చెప్పిన వారెవరు? మోసపోయినవారు ఇద్దఱును స్త్రీలే.

మామ్మగారి తండ్రికి అట్టి సంసారమే యుండెను. తల్లి యిచ్చటినుండి వెదకికొని పోయి చూచుసరికి, అతనికి తమలపాకుల యంగడి నడుపు భార్యయు, ఒక చిన్న కూతురును కలరు. కూలి ముట్టిన దినమున ఆమె వాకిట నిలిచి తన యింటికి కావలసినది లెక్కగా అడిగి పుచ్చుకొనెడిది. మామ్మగారి తల్లికి అడుగుట తెలియదు. మిగిలిన దినములలో ఇడ్లెల డబ్బే గతి. ఒక వానకాలమున బియ్యము నిండుకొన్నప్పుడు, ఆ బర్మా యామెయే కుంచెడు బియ్యము పంపి, 'నీవును నాతో వచ్చి అడుగరాదా?' అన్నదట. తరువాతి నెల ఇద్దఱును వాకిట నిలిచిరట!

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసినప్పుడు లక్షలమంది భారతీయులు కాలినడకను కొండలు దాటి వచ్చిరి. త్రోవలో వేలాదిమంది రాలిపోయిరి. యుద్ధము ముగిసిన పిదప మరల పోయినవారిలో మామ్మగారి తండ్రి యొకడు. 1964లో అచ్చటి ప్రభుత్వము అంగళ్ళను స్వాధీనము చేసికొని, మే నెలలో ఏబది, నూఱు చాట్ల నోట్లు చెల్లవనినది. ఇడ్లెల డబ్బు దాచిన డబ్బా కాగితములపాలైనది. తిరుగు ఓడలలో తల్లి, తండ్రి, మామ్మగారు వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట యిట్టివారి వలన ఏర్పడినదే.

బర్మా భార్యయు, ఆమె కూతురును రేవు వఱకు వచ్చిరట. ఆ యక్క యిప్పుడున్నదో లేదో వెదకింపరాదా యని మేమడిగితిమి. పేరు చెప్పి మామ్మగారు, 'ఆ ఊళ్ళో ఆ పేరు గలవారు వేలమంది, అమ్మా! ఇంటిపేరు లేదు గదా, ఎవరింటి పిల్లయని అడిగించేది?' అనిరి.