మూఢంలోనూ ఆగని వాయిదాలు
చిన్న ఊళ్ల ఫోటోగ్రాఫర్లకు కెమెరా కొనుగోలు ఒక ఆర్థిక పరీక్ష

హైదరాబాదు నుండి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ నెంబరు జాతీయ రహదారి గోదావరిని దాటి, వాజేడు మండలం టేకులగూడెం వద్ద తెలంగాణ పొలిమేరను విడిచి, తర్లగూడ వద్ద ఛత్తీస్‌గఢ్‌లో ప్రవేశిస్తుంది. ఒకనాటి అవిభక్త బస్తర్‌కు చెంది, 2007 నుండి బీజాపూర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో తెలుగు, గోండి, హిందీ కలగలిసి వినిపిస్తాయి. పొలిమేరకు ఇటూ అటూ బంధుత్వాలున్నందున పెండ్లి పిలుపులకు రాష్ట్రాల ఎల్లలు అడ్డు రావు. ఆ పెండ్లిండ్లను నమ్ముకున్న ఫోటోగ్రాఫర్లకూ అంతే. అయితే ఇలాంటి చోట పని పెరిగేకొద్దీ ఒక చిక్కు ఎదురవుతుంది. పాత కెమెరా చాలదు, కొత్తదానికి చేతిలోని డబ్బు చాలదు.

ఈ దశలో చాలామంది అప్పు చేసి కొత్త బాడీ కొంటారు. దుకాణం ముందు ఆ పెట్టెతో దిగిన ఫోటో బంధుమిత్రులకు చేరుతుంది. పెండ్లివారు మాత్రం కెమెరా పేరు అడగరు, ఆల్బమ్ చూస్తారు. రాత్రి ముహూర్తం, రెండు ట్యూబులైట్ల పందిరి, కదిలే జనం. ఈ స్థితిలో ఫోటో బాగోగులను నిర్ణయించేది బాడీకన్నా ఎక్కువగా లెన్సు, ఫ్లాష్. కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్సును దగ్గరకు లాగినప్పుడు దాని ద్వారం ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. తక్కువ ధరలో దొరికే 50 మి.మీ. లెన్సు ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. లెక్క కడితే లోపలికి చేరే వెలుతురు దాదాపు పది రెట్లు. రెండు లక్షల బాడీకి కిట్ లెన్సు తగిలించి చీకటితో పోరాడడం కంటే, ఉన్న బాడీకి ఈ లెన్సు, ఒక మంచి ఫ్లాష్ జోడించడం ఎంతో చౌక.

తర్లగూడ వంటి చోట్ల దీనికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. హైదరాబాదులో కెమెరా మొరాయిస్తే సాయంత్రానికి మరొకటి అద్దెకు తెచ్చుకోవచ్చు. ఇక్కడి నుండి నగరానికి సుమారు మూడువందల కిలోమీటర్లు. ఒక్కరోజు పనికి తెచ్చిన లెన్సుకు రాకపోకలతో కలిపి మూడురోజుల అద్దె పడుతుంది. తలంబ్రాలు మళ్లీ పోయించలేము. కనుక పెరుగుతున్న వ్యాపారానికి మొదట కావలసింది మెరుగైన కెమెరా కాదు, రెండవ కెమెరా. అది పాతదైనా సరే. ఒకే బొమ్మను ఏకకాలంలో రెండు మెమరీ కార్డులపై నమోదు చేసే సదుపాయం కూడా అంతే ముఖ్యం. ధరకూ ఈ సదుపాయానికీ సంబంధం లేకపోవడం గమనార్హం. 2015లో వచ్చిన నికాన్ డి7200లో రెండు కార్డుల అమరిక ఉండగా, అంతకంటే ఖరీదైన శ్రేణిలో 2017లో వెలువడిన కెనాన్ 6డి మార్క్ 2లో ఒకటే ఉంది.

పాత కెమెరాలు ఇప్పుడు విరివిగా దొరకడానికి ఒక కారణముంది. కెనాన్ 1987 నుండి, నికాన్ 1959 నుండి కొనసాగించిన లెన్సు అమరికలను పక్కనబెట్టి, ఆ రెండు సంస్థలూ 2018లో అద్దంలేని కెమెరాల కోసం కొత్త అమరికలను ప్రవేశపెట్టాయి. నగరాల స్టూడియోలు క్రమంగా అటు మళ్లగా, వాటి పాత బాడీలు, లెన్సులు సెకండ్ హ్యాండ్ విపణికి చేరాయి. ఒకప్పుడు చిన్న ఊరివారికి అందని సరంజామా నేడు అందుబాటులోకి రావడం ఈ మార్పు వల్లనే. అడాప్టరు సాయంతో అదే సంస్థ పాత లెన్సులను కొత్త బాడీలకు వాడుకోవచ్చు కాబట్టి, మంచి లెన్సుపై పెట్టిన సొమ్ము రేపు బాడీ మార్చినా వృథా కాదు. అయితే నికాన్ పాత లెన్సులలో మోటారు లేనివి అడాప్టరుతో తమంతట తాము ఫోకస్ కావు. కొనేముందు ఇది విచారించుకోవాలి.

సెకండ్ హ్యాండ్ బాడీకి మొదట చూడవలసింది షట్టర్ కౌంట్. నికాన్ డి750 షట్టరును లక్షా యాభైవేల బొమ్మలకు, కెనాన్ 6డి షట్టరును లక్ష బొమ్మలకు పరీక్షించినట్లు తయారీదారులు ప్రకటించారు. ఒక్క పెండ్లికి రెండువేల బొమ్మలు తీసేవారికి లక్ష అంటే యాభై పెండ్లిండ్లే. లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల బూజు తీగలున్నాయేమో పరిశీలించాలి. అసలు బిల్లు, దానిపై ఉన్న సీరియల్ నెంబరు సరిపోవాలి. గోదావరి తీరంలో వానకాలపు తేమకు లెన్సులలో ఫంగస్ త్వరగా చేరుతుంది. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మాపకం ఉంటే చాలు. కొన్ని వందల రూపాయల ఈ ఖర్చును వాయిదా వేసి వేల రూపాయల లెన్సులు పోగొట్టుకునేవారు తక్కువేమీ కాదు.

ఇక అప్పు సంగతి. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన కింద పూచీకత్తు లేకుండా శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు రుణం లభిస్తుంది. రెండు లక్షలను 12 శాతం వడ్డీపై 24 నెలలకు తీసుకుంటే నెలవాయిదా దాదాపు 9,415 రూపాయలు, మొత్తం వడ్డీ 26 వేలకు కాస్త తక్కువ. వడ్డీ భరించలేనిది కాదు. చిక్కు అక్కడ లేదు. బ్యాంకు వాయిదా ప్రతినెలా వస్తుంది, ముహూర్తం మాత్రం రాదు. 2023లో ఆషాఢం, ఆ వెంటనే అధిక శ్రావణం కలిసి వరుసగా రెండు నెలలు పెండ్లిండ్లు లేకుండా పోయాయి. 2024లో గురు, శుక్ర మౌఢ్యాల కారణంగా మే, జూన్ నెలలు ముహూర్తాలు లేకుండా గడిచాయి. వేసవి రాబడిపై ఆశతో అప్పు చేసినవారికి ఆ రెండు వాయిదాలు, అనగా 18,830 రూపాయలు, ఎక్కడి నుండి రావాలి? రుణపత్రంపై సంతకానికి ముందు రాబోయే రెండేళ్ల పంచాంగం తిరగవేయడం మూఢనమ్మకం కాదు, వ్యాపార లెక్క. కనీసం మూడు వాయిదాల సొమ్ము పక్కన ఉంచుకోనిదే అప్పు జోలికి పోరాదు. ఈ అడవి సీమలో వేసవి తునికాకు డబ్బు కూడా చాలా ఇండ్ల ఖర్చును నిర్ణయిస్తుంది. బాకీ వసూలయ్యే వేళ దాన్ని బట్టే ఉంటుంది. నగరంలో అచ్చయ్యే కరిజ్మా ఆల్బమ్‌కు ముందే చెల్లించి, పెండ్లివారి వద్ద మిగతా సొమ్ము తరువాత రాబట్టుకోవలసి రావడం వేరొక భారం.

పన్నుల విషయంలో కొంత ఊరట లభించింది. డిజిటల్ కెమెరాలపై 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2019 జనవరి 1 నుండి 18 శాతానికి తగ్గింది. ఏటా 20 లక్షల లోపు రాబడి గల సేవాదారులు నమోదు కానక్కరలేదు. ఈ మినహాయింపు 2017 అక్టోబరు నుండి పొరుగు రాష్ట్రంలో అందించే సేవలకూ వర్తిస్తున్నందున, తర్లగూడ నుండి వాజేడు వెళ్లి పెండ్లి తీసినంత మాత్రాన నమోదు అవసరం రాదు. కెమెరాపై కట్టిన పన్ను తిరిగి రాబట్టాలనే ఆశతో స్వచ్ఛందంగా నమోదైతే, ప్రతి పెండ్లివారిపైనా పన్ను వేయవలసి ఉంటుంది. ఆ భారాన్ని మినహాయించుకునే మార్గం వారికి లేదు. చిన్న ఊరిలో ఇది గిట్టుబాటు కాదు.

రాబడి ముందు, పెట్టుబడి తరువాత అనే పద్ధతి హైదరాబాదు సీమకు కొత్తది కాదు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా పేరొందిన లాలా దీన్‌దయాళ్ ఇండోరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూనే 1870వ దశకంలో కెమెరా పట్టారు. ఉద్యోగం వదిలిన తరువాత 1886లో సికిందరాబాదులో, మరో పదేళ్లకు బొంబాయిలో స్టూడియోలు తెరిచారు.

తర్లగూడకు రహదారి వెంట అందుబాటులోనే మేడారం ఉంది. రెండేళ్లకొకసారి మాఘంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు ఛత్తీస్‌గఢ్ నుండి కూడా భక్తులు తరలివస్తారు. పోస్టుకార్డు పరిమాణంలో బొమ్మను నిమిషంలోపే అచ్చువేసే చేతిసంచి ప్రింటర్లు నేడు దొరుకుతున్నాయి. అటువంటి ప్రింటరు, బ్యాటరీ, సరిపడా కాగితం ఉంటే పాత కెమెరాతోనే ఆ నాలుగు రోజులూ రొక్కం కళ్ళజూడవచ్చు. జాతరలో ఫోటో చేతికందగానే డబ్బు చేతికొస్తుంది, అరువు ఉండదు.