క్రొవ్వు కరుగుటకు నడక మేలా, బరువులెత్తుట మేలా?

2004వ సంవత్సరమున లాన్సెట్ అను వైద్య పత్రికలో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రము ప్రచురింపబడినది. ఒకరు పుణె నగరమునకు చెందిన యాజ్ఞిక్. మరియొకరు లండను నగరమునకు చెందిన యూడ్కిన్. ఎత్తునుబట్టి బరువును లెక్కించు దేహసూచిక ఇద్దరికిని 22.3 మాత్రమే. కాని శరీరములోని క్రొవ్వును కొలిచి చూడగా యూడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్లు, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్లు ఉన్నట్లు తేలినది. తూనికయంత్రము చెప్పలేని సత్యమును ఈ చిత్రము చెప్పుచున్నది. చూపునకు సన్ననివారై యుండియు, కండ తక్కువై, పొట్టచుట్టును క్రొవ్వు పేరుకొనిన దేహము భారతీయులలో పెక్కుమందికి గలదు.

ఇది అందచందములకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. ఉదరములోను, కాలేయములోను చేరిన క్రొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డు తగులును. తత్ఫలితముగా మధుమేహము, రక్తపుపోటు, హృద్రోగము దాపురించును. భారత వైద్య పరిశోధన మండలి పక్షమున జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారము దేశములో 10 కోట్లమందికి మధుమేహము గలదు. ఉదరస్థూలత నూటికి దాదాపు 40 మందిలో కనబడినది.

ఈ క్రొవ్వును తగ్గించుటకు నడక, పరుగు, సైకిలు వంటి వ్యాయామములు మేలా, లేక తీవ్రముగా బరువులెత్తుట మేలా అని పలువురు అడుగుచుందురు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయము వారు ఈ ప్రశ్నను 8 మాసములు పరీక్షించి, 119 మంది స్థూలకాయులను గూర్చిన ఫలితములను 2012లో ప్రకటించిరి. ఒక తెగవారు వారమునకు సుమారు 19 కిలోమీటర్ల నడకకో పరుగునకో సరియగు శ్రమ చేసిరి. రెండవ తెగవారు వారమునకు 3 దినములు బరువులెత్తిరి. మూడవ తెగవారు రెండును చేసిరి.

మొదటి తెగవారికి సగటున 1.7 కిలోల క్రొవ్వు తగ్గెను. బరువులు మాత్రమే ఎత్తినవారికి తగ్గినది పావు కిలోయే. కాని వారి దేహములో క్రొవ్వు కాని భాగము ఒక కిలోకు పైగా పెరిగెను. రెండును చేసినవారికి 2.4 కిలోల క్రొవ్వు తగ్గి, కండయు పెరిగెను. అయితే వారు వెచ్చించిన కాలము ఇంచుమించు రెట్టింపు. క్రొవ్వు విషయములో వారికిని మొదటి తెగవారికిని గల భేదము నిశ్చయముగా చెప్పదగినంత పెద్దది కాదు.

కారణము సులభగ్రాహ్యము. బరువులెత్తునపుడు శ్రమ తీవ్రమే కాని, ప్రతి విడత తరువాత విశ్రాంతి తప్పదు. నడక ఎడతెగక సాగును. తీవ్రవ్యాయామము ముగిసిన పిమ్మటను శక్తి ఖర్చగుచుండుట నిజమే. కాని అది స్వల్పము. పెరిగిన కండ దానంతట అదియే క్రొవ్వును దహించునను మాటయు అతిశయోక్తియే. ఒక కిలో కండ విశ్రాంతిలో దినమునకు సుమారు 13 కేలరీలను మాత్రమే ఖర్చు చేయును.

అట్లయిన బరువులెత్తుట వ్యర్థమా? కాదు. ఆహారము తగ్గించినపుడు క్రొవ్వుతోపాటు కండయు కరుగును. అమెరికాలో 65 ఏండ్లు దాటిన స్థూలకాయులకు మితాహారముతోపాటు వ్యాయామము చేయించి, 2017లో ఫలితములను ప్రకటించిరి. ఏ వ్యాయామము చేసినను శరీరపు బరువు నూటికి 9 పాళ్లు తగ్గెను. అయితే కండ మొదలగు భాగములో నష్టము నడక వంటివి మాత్రమే చేసినవారికి నూటికి 5 పాళ్లు, బరువులెత్తినవారికి 2 పాళ్లు. రెండును చేసినవారికి లేచుట, నడచుట మొదలగు పనులలో అందరికంటె ఎక్కువ సామర్థ్యము కలిగెను. భోజనానంతరము రక్తములోని చక్కెరను అధికముగా గ్రహించునది కండరమే గనుక, కండ తక్కువైన భారతీయులకు ఈ లాభము మిక్కిలి విలువైనది.

వ్యాయామమొక్కటియే చాలునని భ్రమపడరాదు. 60 కిలోల బరువు గలవారు గంటసేపు వడిగా నడచినచో 200 మొదలు 250 వరకు కేలరీలు ఖర్చగును. రెండు పెద్ద చెంచాల నూనెలో ఇంచుమించు అంతే యుండును. కావున నూనె, పంచదార, అన్నము మితము చేయుట ప్రథమ కర్తవ్యము.

వారమునకు 5 దినములు అరగంటకు తక్కువ కాకుండ వడిగా నడవవలెను. రెండు దినములు కండరములకు పని కల్పింపవలెను. ఇందుకు ఖరీదైన సాధనములు అక్కరలేదు. మన తాలింఖానాలలో చిరకాలముగా నున్న దండీలు, బస్కీలు, ఇసుక నింపిన సంచిని ఎత్తుట చాలును. స్త్రీలును నిస్సంకోచముగా చేయవచ్చును. మొదట తేలికగా ప్రారంభించి క్రమముగా హెచ్చించుకొనవలెను. బరువెత్తునపుడు ఊపిరి బిగబట్టరాదు. గుండెనొప్పి, అధిక రక్తపుపోటు గలవారును, మధుమేహమునకు మందులు వాడువారును, గర్భిణులును ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

ఫలితమును తూనికయంత్రముతో మాత్రమే చూడక, కొలత టేపుతో చూచుట మంచిది. చివరి ప్రక్కటెముకకును తుంటి ఎముకకును నడుమ, ఊపిరి విడిచిన పిమ్మట కొలువవలెను. భారతీయులలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. బరువు మారకున్నను నడుము చుట్టుకొలత తగ్గినచో, చేసిన శ్రమ ఫలించుచున్నదని గ్రహింపవలెను.