అపోలో ఏది? చిన్న అపోలో ఏది?

ఐరోపాఖండమునందలి ఆల్ప్సు పర్వతములపై మంచు కరగిన పిమ్మట పచ్చికబయళ్లు పూలతో నిండిపోవును. ఆ పూలమీద తెల్లని రెక్కలును, వానిపై ఎఱ్ఱని చుక్కలును గల పెద్ద సీతాకోకచిలుకలు వ్రాలుచుండును. వానిలో ఒక జాతికి స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడగు లిన్నేయసు 1758 లో గ్రీకుల దేవుడైన అపోలో పేరు పెట్టెను. దానిని పోలిన మఱియొక జాతియు అచ్చటనే కలదు. దానిని చిన్న అపోలో యందురు.

ఒకదానిని చూచి మఱియొకటి యనుకొన్న నష్టమేమి? అపోలో ఐరోపాలో పెక్కుచోట్ల తగ్గిపోయినది. కొన్నిచోట్ల బొత్తిగా నశించినది. పెక్కు దేశములలో దానిని పట్టుట నేరము. ఒకానొక కొండపై అది అంతరించుచుండగా, అచ్చట ఎగురు చిన్న అపోలోను చూచి “అపోలో క్షేమముగా నున్నది” అని లెక్కలో వ్రాసికొన్నచో, దానిని కాపాడవలసిన వేళ దాటిపోవును. కావున వలతో పట్టకయే, కంటితో చూచి గుర్తింపవలయును.

పేరును బట్టి పరిమాణమును నమ్మరాదు. రెండును ప్రక్కప్రక్కన నిలిచినగాని చిన్నపెద్దలు తెలియవు. అవి మనకొఱకు అట్లు నిలుచునా? చుక్కలు కొంత మేలు. అపోలో ముందురెక్కలపై సామాన్యముగా నల్లమచ్చలే యుండును. ఎఱ్ఱచుక్కలు వెనుకరెక్కలపై నుండును. చిన్న అపోలోకు ముందురెక్కల పైయంచు దాపునను చిన్న ఎఱ్ఱచుక్కలు తఱచుగా కనబడును. తఱచుగా అనవలసినదే గాని, ఎల్లప్పుడు అనుటకు వీలులేదు. అదిగాక, ముదిసిన అపోలో చుక్కలు ఎండకు వెలిసి నారింజవన్నెకు తిరుగును.

తలపై మీసములవలె నుండు స్పర్శశృంగములు ఇంతకంటె నమ్మదగినవి. చిన్న అపోలో స్పర్శశృంగములు తెల్లనివి. వానిపై నల్లని కట్లు స్పష్టముగా నుండును. అపోలోవి బూడిదవన్నెవి, కట్లున్నను మసకగా నుండును. అయితే ఇంత సన్నని గుర్తును చూచుటకు దగ్గరకు పోవలయును. పోయిన అది ఎగిరిపోవును! అందువలన నేర్పరులు చల్లని ఉదయమున బయలుదేరుదురు. ఎండ సోకి ఒడలు వెచ్చబడువఱకు సీతాకోకచిలుక రెక్కలు పఱచుకొని కదలక కూర్చుండును. అప్పుడు తమ నీడ దానిపై పడనీయక మెల్లగా సమీపించి ఛాయాచిత్రము తీయుదురు.

చోటును కొంత సాక్ష్యమిచ్చును. అపోలో గొంగళిపురుగు పొడిరాళ్ల నడుమ పెరుగు, దళసరి ఆకుల సీడమ్ మొక్కలను తినును. చిన్న అపోలో పురుగునకు సెలయేటి యొడ్డున పసుపుపచ్చగా పూయు సాక్సిఫ్రేజ్ మొక్క ఇష్టము. కాని రెక్కలు వచ్చినవి ఒక్కచోట నుండవు గదా!

ఈ కుటుంబమువే మఱికొన్ని జాతులు మన హిమాలయములలోను కలవు. అచ్చట చిక్కు ఇంకను ఎక్కువ. ఆడుసీతాకోకచిలుక దొరకినచో ఒక సహాయము కలదు. జతకూడిన పిమ్మట మగది దాని పొట్టక్రింద మైనమువంటి పదార్థముతో చిన్న సంచిని అంటించిపోవును. ఆ సంచి ఆకారము జాతికొక తీరుగా నుండును.