పెరూ వెళ్తున్నారా? తొందరపడకండి!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు ఈమధ్య పనిలో పనిగా దక్షిణ అమెరికా కూడా చూసి వస్తున్నారు. అలా వెళ్లినవాళ్లని బాగా ఆకర్షించేది పెరూలోని మాచుపిచ్చు. 15వ శతాబ్దంలో 'ఇంకా' రాజులు కొండ మీద కట్టించిన రాతి నగరం అది. మా ఆడపడుచు కుటుంబంతో కలిసి మేమూ వెళ్లొచ్చాం. మీలో ఎవరికైనా ఆ అవకాశం వస్తే ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి.

అసలు చిక్కు ఎత్తుతోనే

పెరూలో మనల్ని ఇబ్బంది పెట్టేది భాష కాదు, తిండీ కాదు, ఎత్తు! రాజధాని లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడ విమానమెక్కితే గంటన్నరలోపే కుస్కోలో దిగుతాం. ఆ ఊరు ఉన్నది దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో. మన ఊటీ 2,240 మీటర్లే! అంత ఎత్తులో గాలి పలచన. తలనొప్పి, వికారం, ఆయాసం, నిద్రపట్టకపోవడం చాలామందికి వస్తాయి. రోజూ వ్యాయామం చేసే కుర్రాళ్లకీ రావచ్చు.

దీనికి మంచి ఉపాయం ఉంది. కుస్కోలో దిగగానే అక్కడ బస చేయకుండా కారులో ఉరుబాంబా లోయకి వెళ్లిపోండి. అక్కడి ఒల్లాంతాయ్‌తాంబో దాదాపు 2,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మాచుపిచ్చు 2,430 మీటర్లే. ముందు లోయ, తర్వాత మాచుపిచ్చు, చివర్న కుస్కో. ఇదీ వరస. ఏజెంటు ఇచ్చిన కార్యక్రమం ఇలా లేకపోతే మార్పించుకోండి. మొదటి రెండు రోజులూ మెల్లగా నడవండి, నీళ్లు బాగా తాగండి, రాత్రిపూట తేలిగ్గా తినండి. బీపీ, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా బయల్దేరవద్దు. ఎత్తుకి ముందుగా వేసుకునే మాత్రలున్నాయి. అవి కూడా డాక్టరు చెబితేనే.

బాధ దాచుకోకండి

ఈ మాట ఆడవాళ్లకి ప్రత్యేకించి చెబుతున్నాను. మా ఏజెంటు మొదటి రాత్రి బస కుస్కోలోనే ఏర్పాటు చేశాడు. భోజనాల దగ్గర మా వదినగారు సూపు గిన్నె ముట్టుకోలేదు. "ఆకలి లేదులే" అన్నారు. గదికి వెళ్తూ నాలుగు మెట్లెక్కి ఆగిపోయారు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు, సాయంత్రం నుంచీ తల పగిలిపోతోందని! "ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చాం, నా వల్ల అందరి ప్రయాణం పాడవడం ఎందుకని ఊరుకున్నా" అన్నారావిడ.

జ్వరమొచ్చినా అందరికీ వండి వడ్డించాకే మంచమెక్కే అలవాటు కదా మనది! కొండల మీద అది పనికిరాదు. మర్నాటి కార్యక్రమం రద్దు చేసుకుని లోయలోకి దిగిపోయాం. ఒకరోజు విశ్రాంతితో ఆవిడ తేరుకున్నారు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, మాట తడబడితే, నడక తూలితే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, కిందికి దిగాలి.

బయల్దేరే ముందు

* పెరూ నుంచి వచ్చేవాళ్లని మన విమానాశ్రయాల్లో ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. టీకా వేసిన పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. హైదరాబాదులో నారాయణగూడ ఐ.పి.ఎం.లో వేస్తారు. 60 దాటినవాళ్లు ముందు డాక్టరుని సంప్రదించాలి.

* అమెరికా వీసా ఉన్నవాళ్లకి పెరూ వీసాలో సడలింపు ఉంది. షరతులేమిటో టిక్కెట్లు కొనకముందే చూసుకోండి.

* మే నుంచి సెప్టెంబరు దాకా కొండల్లో వానలు తక్కువ. కానీ రాత్రిళ్లు గడ్డకట్టే చలి. స్వెట్టర్లు మరవద్దు.

* మాచుపిచ్చు టిక్కెట్టు మీద తేదీ, సమయం ఉంటాయి. ముందుగానే కొనుక్కోవాలి. అసలు పాస్‌పోర్టు వెంట ఉండాలి. లోపల మరుగుదొడ్లు లేవు, ద్వారం బయటే ఉన్నాయి. మెట్లు ఎగుడుదిగుడు రాళ్లు. చీరకన్నా పంజాబీ డ్రెస్సు, పట్టున్న బూట్లు నయం.

శాకాహారులకి

బంగాళాదుంప పుట్టిల్లు ఆ కొండలే. వేల రకాలు పండిస్తారు. పెద్ద గింజల మొక్కజొన్న కంకిని ఉడికించి జున్నుముక్కతో ఇస్తారు, కడుపు నిండుతుంది. కాకపోతే 'కార్నె' వద్దంటే కోడిమాంసం వేసి తెస్తారు! వాళ్ల లెక్కలో కోడి వేరు. అందుకని "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అనండి. మాంసం, కోడి, చేప లేకుండా అని అర్థం. సూపు మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో అడగండి. కుళాయి నీళ్లు తాగవద్దు.

హోటళ్లలో కోకా ఆకుల టీ ఇస్తారు. అక్కడ అది మామూలే. ఆ ఆకులు మాత్రం పొరపాటున కూడా సంచిలో వేసుకోకండి. మన దేశంలో అది నేరం.

ఒంట్లో బాగాలేకపోతే ఒకరోజు ఆగండి. మాచుపిచ్చు అయిదు వందల ఏళ్లకి పైగా అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు.