కంప్యూటర్ యుద్ధక్రీడలు: వాటిలో చారిత్రక సత్యమెంత?

అరుగుమీద సుద్దముక్కతో గీసుకొని ఆడే పులి-మేక ఆటలో రెండు పక్షాలూ సమానం కావు. పులులు కొన్నే, మేకలు అనేకం. పులి దూకి చంపుతుంది. మేకలు గుంపుగూడి దారి మూసివేస్తాయి. బలాలు వేరు, ఎత్తుగడలు వేరు. ఈ విషయంలో ఆ ఆట చదరంగంకన్న యుద్ధానికి దగ్గరగా ఉన్నదనవచ్చును. కాని మరొక విషయంలో రెండు ఆటలూ యుద్ధానికి బహుదూరం. ఆడేవారిద్దరికీ గడులన్నీ కనిపిస్తూనే ఉంటవి. ఎదుటివాని పావు ఎక్కడ దాగియున్నదో తెలియక తికమకపడే అవసరం లేదు. జరిపిన పావు భయపడి వెనుకకు పారిపోవటమూ లేదు.

నేడు కంప్యూటర్లపై ఆడే యుద్ధక్రీడలు ఈ కొరతను తీర్చటానికి ప్రయత్నిస్తున్నవి. వీటిలో ఒక తరగతి చిన్న పోరాటాలకు సంబంధించినది. ఒక గ్రామం, ఒక వంతెన, కొన్ని టాంకులు, వంద రెండువందలమంది సైనికులు, గంటసేపు జరిగే పోరు: ఇంతే దాని పరిధి. ఈ ఆటలను తయారుచేసేవారు తమ ఆట చరిత్రకు అనుగుణంగా ఉన్నదని చెప్పుకుంటారు. అలా ఉండటమంటే ఏమిటి? దానిని కొలవటం ఎలా?

రెండువందల ఏండ్లనాటి సమస్య

ఈ ప్రశ్న కంప్యూటర్‌తో పుట్టినది కాదు. 1824లో ప్రష్యా సైన్యంలోని రైస్విట్స్ అనే యువ అధికారి ఒక యుద్ధక్రీడను ప్రకటించాడు. దానిని నేలను 8,000 వంతులు కుదించి గీసిన పటాలపై ఆడేవారు. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషాల కాలానికి సమానం. కాల్పుల ఫలితాన్ని పాచికలు, పట్టికలు నిర్ణయించేవి. రెండు పక్షాల మధ్య ఒక మధ్యవర్తి ఉండేవాడు. ఏ పక్షపు సైనికులు నిజంగా చూడగలిగినంత మేరకే ఆ పక్షానికి ఆయన తెలియజేసేవాడు.

అయితే పట్టికలు చూడటానికి, లెక్కలు కట్టటానికి చాలా కాలం పట్టేది. అందువల్ల 1876లో వెర్డీ దు వెర్న్వా అనే మరొక ప్రష్యన్ అధికారి పట్టికలను, పాచికలను పక్కకు నెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పే చాలునన్నాడు. లెక్కలు పెంచితే ఆట నడవదు. తగ్గిస్తే తీర్పు ఒకరి అభిప్రాయమైపోతుంది. ఈ చిక్కును విడదీసినది కంప్యూటర్. అది పట్టికలు చూచి అలసిపోని మధ్యవర్తి.

ఉక్కు లెక్కలు

మొట్టమొదట కంప్యూటర్‌కు అప్పగించినవి ఉక్కుకు సంబంధించిన లెక్కలు. సోవియట్ టి-34 టాంకు ముందుభాగపు రేకు మందం 45 మిల్లీమీటర్లు. కాని ఆ రేకు నిటారుగా లేదు. నిలువుగీతకు 60 డిగ్రీలు వాల్చి అమర్చబడినది. సమతలంగా వచ్చే గుండు ఆ రేకును దాటాలంటే 90 మిల్లీమీటర్ల ఉక్కులోగుండా పోవాలి. కత్తిపీటపై వంకాయను ఏటవాలుగా కోస్తే ముక్క వెడల్పు పెరిగినట్లే ఇదీను. ఇంతేగాక, ఏటవాలు రేకుపై గుండు జారి పక్కకు ఎగిరిపోవచ్చును.

తరువాత సంభావ్యత. ఉదాహరణకు ఒక దూరంలో పేల్చిన గుండు గురికి తగిలే అవకాశం సగమనీ, తగిలినది ఉక్కును ఛేదించే అవకాశం కూడా సగమనీ అనుకుంటే, రెండూ జరిగే అవకాశం నాలుగింట ఒక వంతు. మూడు గుండ్లు పేలిస్తే, వాటిలో ఒక్కటైనా పనిచేసే అవకాశం నూటికి 58 వరకు పెరుగుతుంది. కంప్యూటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీసి, పాచిక వేసినట్లే ఫలితాన్ని తేల్చుతుంది.

ఈ లెక్కలు కచ్చితంగా కనిపిస్తవి గాని, వాటి ఆధారాలు అంత కచ్చితమైనవి కావు. అన్ని దేశాలూ ఫిరంగులను ఒకే కొలమానంతో పరీక్షించలేదు. పేల్చిన గుండ్లలో సగం దూసుకొనిపోతే చాలునని కొందరన్నారు. మరికొందరు అంతకంటె ఎక్కువ గుండ్లు పోవాలన్నారు. అటువంటి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చితే పొరపాటు తప్పదు.

ఒకే ఊరు, ఒకే రోజు

ఉక్కు లెక్కలన్నీ సరిగా ఉన్నవనే అనుకుందాం. అప్పుడైనా ఆట చరిత్రను చూపగలదా? ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంలో విలేర్-బొకాజ్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1944 జూన్ 13 ఉదయం బ్రిటిష్ 7వ కవచ డివిజన్ ముందుదళం ఆ పట్టణాన్ని దాటి, రోడ్డుమీద బారుగా ఆగియున్నది. దగ్గరలోనే జర్మన్ టైగర్ టాంకులున్న సంగతి వారికి తెలియదు. విట్‌మాన్ అనే ఎస్.ఎస్. అధికారి తన టైగర్‌తో ఆ బారు వెంబడి సాగి, కొద్ది నిమిషాలలో అనేక టాంకులను, బండ్లను ధ్వంసం చేశాడు.

ఆ మధ్యాహ్నం టైగర్లు మళ్లీ పట్టణంలోకి వచ్చినవి. ఈసారి బ్రిటిష్‌వారు సందుల మలుపుల వద్ద ఫిరంగులతో, టాంకులతో పొంచియున్నారు. ఎదురుగా 100 మిల్లీమీటర్ల కవచమున్న టైగర్‌కు పక్కల ఉన్నది 80 మిల్లీమీటర్లే. అతి సమీపం నుండి పక్కకు పేల్చిన గుండ్లకు అనేక టైగర్లు పాడైపోయినవి.

ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య ఉక్కు మందం మారలేదు. మారినది ఒకటే: ఎవరి ఉనికి ఎవరికి తెలుసుననే సంగతి. ఉక్కును మిల్లీమీటరు తప్పకుండా లెక్కించి, శత్రువును ముందే చూపించే ఆట ఆ ఉదయాన్ని ఎన్నటికీ చూపలేదు.

తెలియకపోవటాన్ని లెక్కించటం

ఈ సూక్ష్మాన్ని కంప్యూటర్లకు పూర్వమే గ్రహించినవారున్నారు. 1942లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ నాయకత్వాన, నౌకాదళపు మహిళా సిబ్బంది సహాయంతో జలాంతర్గాములను ఎదుర్కొనే యుద్ధక్రీడలు నడిచినవి. గదిలోని నేలే సముద్రం. శిక్షణకు వచ్చిన అధికారులు తెర వెనుక నిలిచి, చిన్న రంధ్రంలోనుండి కనిపించినంతే చూచి ఆజ్ఞలివ్వవలసి ఉండేది.

కంప్యూటర్ ఆటలలో ఈ తెరను అమర్చటం సులభం కాలేదు. చాలాకాలం, ఒక సైనికుడు శత్రువును చూచిన మరుక్షణమే అతని పక్షంలోని అందరికీ ఆ శత్రువు కనిపించేవాడు. 2007లో వచ్చిన ‘కాంబాట్ మిషన్: షాక్ ఫోర్స్’ అనే ఆటలో, ఏ దళానికి కనిపించినది ఆ దళానికే తెలిసేటట్లు అమర్చారు. 2000లో వచ్చిన అదే వరుసలోని మొదటి ఆట మరొక మార్పు తెచ్చినది. ఇద్దరు ఆటగాళ్లూ ముందుగా ఆజ్ఞలిస్తారు. తరువాత ఒక నిమిషంపాటు రెండు సైన్యాలూ ఒకేసారి కదులుతవి. ఆ నిమిషంలో ఏమి జరిగినా చూస్తూ ఉండవలసినదే.

భయానికి కొలత

ఇక మిగిలినది మానవుని మనస్సు. 1996లో వచ్చిన ‘క్లోజ్ కాంబాట్’ అనే ఆటలో సైనికులు భయపడతారు, నేలకు కరచుకొని ఉంటారు, ఆజ్ఞను వినరు. కాని భయాన్ని ఏ అంకెతో కొలవాలి? ఎస్.ఎల్.ఎ. మార్షల్ అనే అమెరికన్ 1947లో ప్రకటించిన గ్రంథంలో, పోరాటంలో నాలుగింట ఒక వంతుకు మించిన సైనికులు తుపాకి పేల్చరని రాశాడు. ఆ అంకె చాలాకాలం ప్రమాణంగా చెలామణి అయినది. తరువాతి చరిత్రకారులు పరిశీలించగా, దానికి తగిన లెక్కలేవీ కనిపించలేదు. రేకు మందాన్ని మ్యూజియంలోని టాంకు దగ్గరకు పోయి కొలుచుకోవచ్చును. ఆనాటి సైనికుని గుండెదడను కొలవటానికి ఏమీ మిగలలేదు. అందువల్ల ఆటలో భయం ఎంతవరకు నిజమో చెప్పటం కష్టం. భయమే లేని ఆట అబద్ధమని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చును.

పరీక్ష ఏది?

ఆడిన ప్రతిసారీ విలేర్-బొకాజ్ ఉదయం చరిత్రలో జరిగినట్లే ముగిస్తే ఆట నిజమైనదనుకోవటం పొరపాటు. చరిత్రలో జరిగినది, జరుగగలిగిన వాటిలో ఒకటి. మంచి ఆట అనేక ఫలితాలను ఇస్తుంది. నిజంగా జరిగినది వాటిలో ఇమడాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఆనాటి అధికారి ఎదుర్కొన్న సందిగ్ధమే ఆటగాడూ ఎదుర్కోవాలి.

ఎంత మంచి ఆటకైనా రెండు హద్దులు మిగిలియుంటవి. ఆటగాడికి రేపటి చింత లేదు. చివరి సైనికుని సైతం పోగొట్టుకొని గెలుపు పొందవచ్చును; నిజమైన అధికారి మిగిలిన వారితో మరునాడు మళ్లీ పోరాడవలసి ఉండేది. రెండవది, తెరపైని ఇళ్లు సాధారణంగా ఖాళీగా ఉంటవి. విలేర్-బొకాజ్ ఖాళీ ఊరు కాదు. 1944 జూన్ 30న బ్రిటిష్ విమానాలు బాంబులు కురిపించగా ఆ పట్టణం నేలమట్టమైనది. అక్కడివారు ఏ పక్షపు పావులూ కారు.

యుద్ధక్రీడ ఆడే విద్యార్థి, గెలుపు ఓటములకంటె ముందు, ‘ఇది ఆనాడు ఎవరికి తెలుసు? ఎవరు లెక్కలోకి రాలేదు?’ అని ప్రశ్నించుకోగలిగితే, ఆ ఆటవల్ల అతనికి కొంత చరిత్ర తెలిసినట్లే.