పిలుపు, భాష, ఆతిథేయ సమాజం: తూర్పు కనుమల్లో పరసాంస్కృతిక క్రైస్తవ మిషనరీ సేవ – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

క్రైస్తవ సంప్రదాయంలో ‘పిలుపు’ అన్నది దైవం ఒక వ్యక్తిని ఒక పనికి నియమించడాన్ని సూచించే పారిభాషిక పదం. తన భాష, తన ఆచారం లేని సమాజంలోకి వెళ్లి సేవ చేయాలన్న పిలుపును వ్యక్తి ఎలా గుర్తిస్తాడు? దానిని జీవితంలో ఎలా నిలబెట్టుకుంటాడు? అరకులోయను ఆనుకొని ఉన్న తూర్పు కనుమల గిరిజన ప్రాంత చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. బ్రెక్లుం మిషన్, డోర్నకల్ బిషప్ అజరయ్య, వెరియర్ ఎల్విన్, గిడుగు వేంకట రామమూర్తి అనే నాలుగు ఉదాహరణలను ఇందుకు స్వీకరించాను. వ్యక్తి అంతరంగం, పంపే సంఘం అనే రెండు సంప్రదాయ ప్రమాణాలకు తోడు ఆతిథేయ సమాజ సాక్ష్యం అనే మూడో ప్రమాణం అవసరమనీ, ఆ సాక్ష్యం మొదట వినిపించే చోటు భాష అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పిలుపు, మిషనరీ, తూర్పు కనుమలు, కువి, సవర, ఆతిథేయ సమాజం, భాషాభ్యాసం.

1. ప్రవేశిక

అరకులోయ వారపు సంతలో కాసేపు నిలబడితే తెలుగు ఒక్కటే వినిపించదు. కువి, కొండ (కూబి), గదబ వంటి భాషలు మాట్లాడే వారు అక్కడ కలుస్తారు. వారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి చాలాచోట్ల ఆదివాసీ ఒడియా వారధిగా ఉపయోగపడుతుంది. మైదానం నుంచి వెళ్లిన వారికి తెలుగు అమ్మభాష. కొండమీద ఎందరికో అది బడి భాష, కచేరీ భాష, షావుకారు భాష. అందుచేత విశాఖపట్నం నుంచి రైలెక్కి నాలుగైదు గంటల్లో అరకు చేరిన తెలుగు మిషనరీ రాష్ట్రం దాటకుండానే పరసాంస్కృతిక క్షేత్రంలో అడుగుపెడుతున్నాడు. తెలుగు మాట్లాడగలగడం వల్ల తాను పరాయివాడినన్న సంగతి అతనికి వెంటనే తెలియకపోవచ్చు.

మతాంతరీకరణను సమర్థించడం గాని ఖండించడం గాని ఈ వ్యాస ఉద్దేశం కాదు. పిలుపు అనే భావన ఎలా ఏర్పడింది, కొండ ప్రాంతంలో అది ఏ పరీక్షలకు గురయింది అన్నవే ఇక్కడి పరిశీలనాంశాలు.

2. పిలుపు: పదం – భావన

నూతన నిబంధన మూలంలోని ‘క్లేసిస్’ అనే గ్రీకు పదానికి తెలుగు బైబిలు ‘పిలుపు’ అనే తేట తెలుగు మాటను స్వీకరించింది. ఈ ఎంపిక అర్థవంతమైనది. తెలుగువారి వ్యవహారంలో పిలుపు పెళ్లికి, పేరంటానికి, భోజనానికి సంబంధించిన మాట. పిలిచే ఇల్లు, వెళ్లే మనిషి, వెళ్లిన చోట మర్యాద అనే మూడూ అందులో ఉంటాయి. పిలవని పేరంటానికి వెళ్లడం తెలుగువారి దృష్టిలో చిన్నతనం. మిషనరీ పిలుపులోని చిక్కు ఇక్కడే ఉంది. పిలిచినవాడు దేవుడు, వెళ్లవలసిన ఇల్లు మాత్రం వేరొకరిది. ఆ ఇంటివారు పిలిచారా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

బైబిలులోని పిలుపు కథనాల్లో సంకోచానికి తగినంత చోటుంది. మోషే తనకు మాట నేర్పు లేదని వెనుకాడతాడు. యిర్మీయా తాను బాలుడనంటాడు. యోనా ఎదురు దిక్కుకు ఓడ ఎక్కుతాడు. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో పిలుపు ఏకాంతంగా రాదు. అంతియొకయలోని సంఘం ఉపవాస ప్రార్థనల నడుమ బర్నబాను, సౌలును ప్రత్యేకించి పంపుతుంది. 16వ అధ్యాయంలో పౌలుకు వచ్చిన దర్శనంలో మాసిదోనియ మనిషి ఒకడు నిలబడి సాయం కోరతాడు. ఇక్కడ పిలిచే గొంతు ఆతిథేయ దేశానిది. అయితే అది దర్శనంలో వినిపించిన గొంతు. ఆ ఊరు చేరిన తరువాత అక్కడి మనుషులు ఏమంటారన్నది వేరే విషయం.

సంస్కరణోద్యమ కాలంలో లూథర్ పిలుపు పరిధిని విస్తరించాడు. సన్యాసికీ పురోహితుడికీ మాత్రమే కాక రైతుకూ చెప్పులు కుట్టేవాడికీ వారి వారి వృత్తే దైవపిలుపు అన్నాడు. జర్మన్ భాషలో వృత్తికీ పిలుపుకూ చెల్లే ‘బెరూఫ్’ అనే మాటపై మాక్స్ వెబర్ చేసిన చర్చ ప్రసిద్ధమే. అదే సమయంలో 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం, 14వ అంశంలో, క్రమబద్ధమైన పిలుపు లేనిదే ఎవరూ సంఘంలో బహిరంగంగా బోధించరాదని నిర్దేశించింది. ఈ విధంగా అంతరంగ పిలుపు, సంఘం ఇచ్చే బాహ్య పిలుపు అనే రెండు ప్రమాణాలు స్థిరపడ్డాయి. 1792లో విలియం కేరీ ప్రచురించిన గ్రంథం అన్యదేశాలకు వెళ్లడం క్రైస్తవుల కర్తవ్యమని వాదించి ఆధునిక మిషనరీ సంఘాలకు ఊపునిచ్చింది. ఈ చర్చలన్నింటిలోనూ పంపేవారి మాట, వెళ్లేవారి మాట ఉన్నాయి. స్వీకరించేవారి మాటకు చోటు స్వల్పం.

3. బ్రెక్లుం మిషన్: అనుకోని క్షేత్రం

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి సువార్తల తెలుగు అనువాదం ప్రారంభించారు. మన్యంలో స్థిరమైన మిషనరీ కృషి మొదలవడానికి ఆ తరువాత ముప్పావు శతాబ్దం పట్టింది. మలేరియా, దారులు లేకపోవడం, భాషల వైవిధ్యం అందుకు ప్రధాన కారణాలు.

ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం గ్రామంలో 1876లో క్రిస్టియన్ జెన్‌సెన్ అనే పాదిరి ఒక మిషన్‌ను స్థాపించాడు. ఆ సంస్థ పంపిన తొలి మిషనరీలు 1880ల తొలినాళ్లలో బస్తర్ ప్రాంతాన్ని ఆశించి భారతదేశం వచ్చారు. అక్కడ వారికి అనుమతి దొరకలేదు. చివరకు జయపురం సంస్థాన ప్రాంతంలో స్థిరపడ్డారు. కోరాపుట్, సాలూరు, పార్వతీపురం, జయపురం వారి కేంద్రాలయ్యాయి. పిలుపు ఒక చోటికి, చేరింది మరొక చోటికి. పిలుపు అంటే పటం మీద గుర్తించిన స్థలం కాదనీ, అడ్డంకుల నడుమ రూపుదిద్దుకునే నిర్ణయమనీ ఈ ఉదంతం తెలుపుతుంది.

ఈ మిషన్‌కు చెందిన ఎఫ్.వి.పి. షుల్జె 1911లో కువి భాషా వ్యాకరణాన్ని, 1913లో కువి పదకోశాన్ని వెలువరించాడు. బోధించడానికి వచ్చినవాడు ముందుగా శిష్యుడు కావలసి వచ్చిందనడానికి ఈ గ్రంథాలు సాక్ష్యం. కువిలో ‘పేను’ దేవతావాచకం. ఏకేశ్వరుడిని చెప్పడానికి ఆ మాట వాడితే కొండ దేవతల స్మృతి వెంట వస్తుంది. దానిని వదిలి బయటి పదాన్ని తెస్తే దేవుడు పరదేశిగా మిగులుతాడు. పదాల ఎంపిక ఇక్కడ నిఘంటు సమస్యగా ఆగదు; ఎదుటివారి ఆరాధనలో సత్యం ఏ మేరకు ఉందని మిషనరీ నమ్ముతున్నాడో అది బయటపెడుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను శత్రుదేశీయులుగా పరిగణించడంతో ఇటువంటి మిషన్లు పంపినవారి అండ కోల్పోయాయి. 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. పంపినవారు తప్పుకున్నా నిలిచే సంఘం ఉందా అన్నది పిలుపుకు కాలం పెట్టే పరీక్ష.

4. అజరయ్య: స్వదేశంలో పరదేశి

పరసాంస్కృతిక మిషనరీ అనగానే ఐరోపా మనిషి స్ఫురించడం పరిపాటి. ఈ అభిప్రాయాన్ని సవరించే ఉదాహరణ కొండల్లో కాక తెలంగాణలోని డోర్నకల్‌లో ఉంది. తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) తమిళుడు. భారతీయుల ధనంతో, భారతీయుల నిర్వహణలో సాగాలన్న సంకల్పంతో 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకుల్లో ఆయన ఒకరు. ఆ సంస్థ డోర్నకల్‌ను క్షేత్రంగా ఎంచుకుంది. ఇతరులను పంపే స్థానంలో ఉన్న అజరయ్య 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం విడిచి తానే ఆ క్షేత్రానికి వెళ్లారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై అయిదు. ఆ వయస్సులో తెలుగు నేర్చుకొని పేద దళిత కుటుంబాల మధ్య పనిచేశారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు త్యాగాలు చేశారని అంగీకరిస్తూనే, భారతీయులకు వారినుంచి కావలసింది స్నేహమని అజరయ్య స్పష్టం చేశారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ దేవాలయ నిర్మాణంలో హిందూ, ఇస్లామిక వాస్తురీతులను ఆయన కలుపుకోవడం కూడా ఈ దృష్టికి అనుగుణమైనదే. అయితే సామూహిక మతస్వీకారాల విషయంలో గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం ఉండేది. స్వదేశీయుడైనంత మాత్రాన మిషనరీ ప్రశ్నలకు అతీతుడు కాడు.

5. మారిన పిలుపు: ఎల్విన్, మతం లేని పిలుపు: గిడుగు

వెరియర్ ఎల్విన్ (1902–1964) 1927లో క్రైస్త సేవా సంఘ సభ్యుడిగా భారతదేశం వచ్చాడు. 1932లో శ్యామరావు హివాలేతో కలిసి మధ్య భారతంలోని గోండుల నడుమ నివాసం ఏర్పరచుకున్నాడు. గిరిజనులకు మతబోధ చేయాలన్న నియమానికి ఆయన కట్టుబడలేకపోయాడు. కొన్నేళ్లకే చర్చి నుంచి వైదొలిగాడు. తరువాత గంజాం, కోరాపుట్ కొండల్లోని సవరల మధ్య పరిశోధన చేసి 1955లో వారి మతజీవనంపై బృహద్గ్రంథం వెలువరించాడు. సంఘం దృష్టిలో ఇది పిలుపును విడనాడటం. ఆయన జీవితాన్ని మొత్తంగా చూస్తే, ఆతిథేయులు చెప్పింది విన్నందువల్ల పిలుపు దిశ మారిందని కూడా అనవచ్చు.

ఆ సవరల విషయంలోనే మన భాషాసాహిత్య చరిత్రకు సుపరిచితుడైన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) ఉదాహరణ గమనార్హం. పర్లాకిమిడిలో అధ్యాపకుడుగా ఉంటూ, ఆ పరిసర కొండల్లోని సవరల భాషను ఆయన పట్టుదలతో నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. వారికోసం బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించారు. ఆయన మిషనరీ కారు. ఎవరూ ఆయనను పంపలేదు. అయినా పిలుపు లక్షణాలుగా చెప్పే దీర్ఘకాలిక నిబద్ధత, సొంత నష్టానికి సిద్ధపడటం, ఎదుటివారి భాషకు విద్యార్థి కావడం ఆయనలో కనిపిస్తాయి. జనం నోటి మాటకు గౌరవం కోరిన వ్యావహారిక భాషోద్యమం కంటే ముందే ఆయన సవర కృషి మొదలైందన్న కాలక్రమాన్ని తెలుగు పరిశోధకులు గుర్తుంచుకోవాలి.

6. ఆతిథేయ సమాజ సాక్ష్యం

సవరల మధ్య 1970ల నుంచి పరిశోధన చేసిన మానవ శాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ రెండు గ్రంథాలను కలిపి చదివితే మూడో ప్రమాణం అవసరం స్పష్టమవుతుంది. 1993 నాటి గ్రంథం చనిపోయినవారితో సవరలు జరిపే సంభాషణను వివరిస్తుంది. పూనకం పొందిన మధ్యవర్తి నోట మృతులు పలుకుతారు. బంధువులు వారితో వాదిస్తారు, ఏడుస్తారు, ఆస్తి తగవులు తీర్చుకుంటారు. మృతుల ఆత్మలను ‘సోనుం’ అంటారు. 2017 నాటి గ్రంథం ఆ సంభాషణ ఆగిపోయిన తీరును చెబుతుంది. యువతరంలో అధికులు బాప్టిస్టు విశ్వాసంలోకి వెళ్లారు. చదువు, బయటి ప్రపంచంతో పరిచయం, పాత ఆధిపత్యాల నుంచి విముక్తి వారు పొందినవి. మృతులతో మాట్లాడుకొనే మార్గం వారు పోగొట్టుకున్నది.

ఈ లాభనష్టాల్లో ఏ ఒక్కదానినే చూపినా సత్యం సగమే అవుతుంది. కొత్త విశ్వాసం స్వీకరించిన గిరిజనుడిని కేవలం మోసపోయినవాడుగా చూడటం అతని బుద్ధిని అవమానించడమే. పోయినదానిని మూఢనమ్మకమని తేల్చివేయడం అతని పెద్దలను అవమానించడం. మార్చిలో, ఏప్రిల్‌లో అరకు పల్లెలు జరుపుకునే ఇటుకల పండుగ, ధింసా నృత్యం, దిసారి పెట్టే ముహూర్తం ఊరందరినీ కలిపే వ్యవస్థలు. ఒక కుటుంబం విశ్వాసం మారినప్పుడు వాటిలో దేనిలో పాల్గొనాలి, దేనికి దూరంగా ఉండాలి అన్న నిర్ణయం ఆ ఇంటిదే కావాలి. మిషనరీ ఏదో ఒకరోజు తిరిగి వెళ్లగలడు. ఆ కుటుంబం ఆ ఊళ్లోనే బతకాలి.

చట్టం కూడా కొన్ని హద్దులు గీసింది. రాజ్యాంగం 25వ అధికరణం మతప్రచార హక్కును గుర్తించింది. ఇతరుల మతం మార్చే హక్కు అందులో ఇమిడి లేదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీని 1/70 చట్టం నిషేధిస్తుంది. సేవకు స్థలం, భవనం కావాలనుకునే బయటి సంస్థకు ఇది అతిథి స్థానాన్ని నిత్యం గుర్తుచేస్తుంది.

7. పిలుపును గుర్తించే ప్రమాణాలు

పై ఉదాహరణల నుంచి మూడు ప్రమాణాలను క్రోడీకరించవచ్చు. మొదటిది అంతరంగ సాక్ష్యం. ఉద్వేగం చల్లారిన తరువాత కూడా నిలిచే కోరిక ఇది. సంకోచం దీనికి విరుద్ధం కాదు. రెండోది సంఘ సాక్ష్యం. వ్యక్తి ఉత్సాహాన్ని అతనిని ఎరిగినవారు పరిశీలించి పంపడం, తరువాత బాధ్యత వహించడం ఇందులోని అంశాలు. మూడోది ఆతిథేయ సాక్ష్యం. అక్కడి ప్రజలు కాదన్నప్పుడు వినగలగడం, వారి సమస్యలను వారి మాటల్లోనే గ్రహించడం, వారి నాయకత్వానికి చోటిచ్చి తప్పుకోగలగడం దీని లక్షణాలు.

మూడో ప్రమాణానికి భాష గీటురాయి. తెలుగులోనే పని నడిపే వ్యక్తికి తెలుగు వచ్చినవారి మాటే వినిపిస్తుంది. ముసలివారి, స్త్రీల, బడికి వెళ్లనివారి గొంతు అతనికి అందదు. తొలి ఏళ్లలో భాష రానివాడు నీళ్లు అడగడానికి కూడా పిల్లల మీద ఆధారపడతాడు. ఆ ఆధారపడటంలోనే దాత, గ్రహీత స్థానాలు తారుమారవుతాయి. పిలవని పేరంటానికి వచ్చినవాడు పిలిచిన చుట్టంగా మారే అవకాశం అక్కడే మొదలవుతుంది.

8. ముగింపు

పిలుపు ఒక రోజున వినిపించి ముగిసే శబ్దం కాదనీ, వెళ్లినవారు, పంపినవారు, స్వీకరించినవారు ముగ్గురూ కాలక్రమంలో నిర్ధారించవలసిన సంబంధమనీ తూర్పు కనుమల చరిత్ర తెలియజేస్తున్నది. షుల్జె వ్యాకరణం, అజరయ్య స్నేహవాదం, ఎల్విన్ నిష్క్రమణ, గిడుగు నిఘంటువు వేరువేరు ఫలితాలైనా అన్నింటి వెనుకా ఎదుటివారిని వినే ప్రయత్నం ఉంది.

ఈ ప్రశ్న మిషనరీలకే పరిమితం కాదు. మన్యంలోని కళాశాలల్లో తెలుగు బోధించే అధ్యాపకులు, పాటలు, కథలు సేకరించడానికి కొండ ఎక్కే పరిశోధకులు కూడా బయటినుంచి ఒక భాషను, ఒక విలువల వ్యవస్థను మోసుకు వెళ్తున్నవారే. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషా గ్రంథం 1969లో వెలువడింది. అయినా కొండ భాషల్లో ఒక్కదానిలోనైనా పలకరించడం తెలియకుండానే అక్కడ ఏళ్ల తరబడి పనిచేయడం మనకు నేటికీ వింతగా తోచదు. మిషనరీని అడిగే ప్రశ్నను మనల్ని మనం అడుగుకోవడం ఈ రంగంలో జరగవలసిన పరిశోధనకు తొలిమెట్టు.